సెంటు పెరడు చాలు... ఏడాది పొడవునా కూర, పువ్వు

పదెకరాల్లో పత్తి, మిర్చి వేసే రైతు కూడా సంచి పట్టుకుని సంతకెళ్లి అరకిలో బెండకాయలు కొనుక్కొస్తున్న రోజులివి. ఇంటి వెనక చూస్తే రెండు మూడు సెంట్ల జాగా కంప, పిచ్చిమొక్కలతో నిండి ఉంటుంది. టమాట ధర మండినప్పుడల్లా 'నాలుగు మొక్కలు పెట్టుకుంటే బాగుండేది' అనుకుంటాం. ధర దిగగానే ఆ మాట మరిచిపోతాం.

డబ్బు సంగతి అలా ఉంచండి. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. పత్తికి కొట్టగా డబ్బా అడుగున మిగిలిన మందును ఇంటి వెనక వంగ మొక్కలకో, చిక్కుడు పందిరికో కొట్టే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. పారబోయడం ఎందుకన్నది వాళ్ల లెక్క. ఆ కాయలే మర్నాడు కూరలోకి వస్తాయి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధం పెట్టింది. పొలంలో పంటకు పనికొచ్చే మందు వంటింటి పంటకు పనికి రాదు. మన పిల్లలు తినే కూరలో ఏముందో మనకు తెలిసి ఉండాలంటే పెరటి తోటను మించిన దారి లేదు. ఆ పెరట్లోనే విషం కొట్టుకుంటే ఇక పెరడు ఎందుకు?

ఎంత జాగాకు ఎంత కూర?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అందులో 100 గ్రాములు ఆకుకూరలు. నలుగురున్న ఇంటికి నెలకు 48 కిలోలు అన్నమాట. సెంటు అంటే 48 చదరపు గజాలు. అంతా ఈ సెంటులోనే పండుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ శ్రద్ధగా చేసుకుంటే ఆకుకూర, పచ్చిమిర్చి, కరివేపాకు, నిమ్మకాయ కొనే పని దాదాపు ఉండదు. కాయకూరల్లో కూడా మంచి భాగం ఇంట్లోనే దొరుకుతుంది. వీటికి తోడు గట్ల మీద పూలు.

జాగా సర్దుకునే తీరు

ఏడాదిలో ఎక్కువ నెలలు మనకు ఎండ దక్షిణం వైపు నుంచి వాలుతుంది. కాబట్టి మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి వంటి ఎత్తయిన మొక్కలను ఉత్తరం వైపు నాటండి. నీడ మడుల మీద పడదు. మునగలో పి.కె.ఎం.-1 రకం వేస్తే ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కాపుకొస్తుంది. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తున నరికితే మళ్లీ చిగురిస్తుంది.

పందిరి కూడా ఒక పక్కకే ఉండాలి. ఆరడుగుల ఎత్తున సర్వి కర్రలు పాతి, తీగలు లాగితే చాలు. బాపట్ల వైపు ఊళ్లలో వాడి పారేసిన చేపల వలలు పరిచినా తీగ చక్కగా పాకుతుంది. మిగిలిన జాగాను ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పున్న మడులుగా చేసుకోండి. ఇటు నుంచి సగం, అటు నుంచి సగం చెయ్యి అందాలి. మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. మట్టి అణిగిపోతే వేరు దిగదు.

స్నానాల గది, వంటిల్లు నీళ్లు వచ్చే చోట అరటి, మెట్టతామర వెయ్యండి. సబ్బు నీళ్లను అవి తట్టుకుంటాయి. బొప్పాయి మాత్రం అక్కడ వద్దు, నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది. ఆకుకూరలకు సబ్బు నీళ్లు పెట్టవద్దు. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు పోయవచ్చు. నీడ ఉన్న మూలన చిన్న గొయ్యి తీసి ఆకులు, తొక్కలు, పేడ పొరలు పొరలుగా వేస్తే ఎరువు మీ ఇంట్లోనే తయారవుతుంది.

రోహిణిలో తవ్వండి

మే నెలాఖరున ఎండలు కాస్తుండగానే నేలను జానెడు లోతు తవ్వి వదిలేయండి. మట్టిలో దాగిన పురుగు కోశాలు, కలుపు వేర్లు ఎండకు చస్తాయి. తొలి జల్లు పడ్డాక సెంటుకు 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, రెండు కిలోల వేపపిండి కలపాలి. పచ్చిపేడ వేస్తే చెదలు, వేరుపురుగు వస్తాయి. నల్లరేగడి అయితే కొంత ఇసుక, ఎక్కువ ఎరువు కలిపితే గుల్లబారుతుంది. ఇసుక నేలకు చెరువు మట్టి మంచిది.

తొలకరి పంట

మృగశిర, ఆరుద్ర కార్తెలు పెరటికి అసలైన ముహూర్తం. బెండ, గోరుచిక్కుడు నేరుగా విత్తాలి. బెండను వరుసల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య అడుగు దూరంలో వేసుకోండి. విత్తిన 45 నుంచి 50 రోజులకు కాయ వస్తుంది. రోజు విడిచి రోజు కోస్తేనే లేతగా ఉంటుంది. రెండు కాయలు ముదరనిచ్చారా, పూత తగ్గిపోతుంది.

బీర, కాకర, పొట్ల, ఆనప పాదులు పందిరి మొదట్లో పెట్టండి. ఒక్కో పాదుకు నాలుగు గింజలు వేసి, మొలిచాక రెండు ఉంచి మిగతావి పీకేయాలి. తీగ పందిరికి అందేదాకా పక్క కొమ్మలు గిల్లేసి, పైకెక్కాక కొస తుంచితే కొమ్మలు బాగా పడతాయి. దొండకు విత్తనంతో పని లేదు. బాగా కాసే తీగ నుంచి పెన్సిల్ లావు ముదురు ముక్కలు జానెడు పొడవున కోసి నాటండి. ఒకసారి అంటుకుంటే ఏళ్ల తరబడి కాస్తుంది.

"పాదుకు పూలన్నీ పూస్తున్నాయి, పిందె మాత్రం నిలవడం లేదు" అని చాలామంది అంటుంటారు. ఆనప, బీర, కాకర, గుమ్మడిలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. ముందు వచ్చేవన్నీ మగపూలే. అవి రాలిపోవడం సహజం. ఆడపువ్వు కింద బుల్లి పిందె ఉంటుంది. అది కూడా పసుపు రంగుకు తిరిగి రాలుతుంటే పుప్పొడి అందలేదన్నమాట. మగపువ్వు కోసి దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్య మెల్లగా తాకించండి. గుమ్మడి, కాకరలకు ఈ పని పొద్దున్నే చేయాలి. బీర, ఆనప పూలు సాయంత్రం వేళ విచ్చుకుంటాయి కాబట్టి వాటికి పొద్దువాలాకే చేయాలి.

వంగ, మిరప నారు కూడా ఇప్పుడే పోసుకోవాలి. వంగలో భాగ్యమతి, శ్యామల, గులాబి మన నేలలకు అలవాటైన రకాలు. మిరపలో గుంటూరు లాం పరిశోధన స్థానం ఇచ్చిన భాగ్యలక్ష్మి రకం పచ్చిమిర్చికీ, ఎండుమిర్చికీ పనికొస్తుంది. ఇంటికి ఆరు మిరప మొక్కలు, ఆరు వంగ మొక్కలు సరిపోతాయి. అంతకంటే ఎక్కువ నాటితే జాగా దండగ.

గోంగూర, తోటకూర గట్ల వెంట చల్లండి. తోటకూర నెల లోపే కోతకొస్తుంది. ఒకేసారి మడి నిండా చల్లకుండా పదిహేను రోజులకొకసారి కొంచెం కొంచెం వేసుకుంటే కూర తెగకుండా వస్తుంది. గోంగూర పగటి వేళ తగ్గే కొద్దీ పూతకొచ్చి ఆకు సన్నబడుతుంది. అందుకే దాన్ని తొలకరిలోనే వేసుకుని బాగా కోసుకోవాలి.

పందిరి చిక్కుడుది కూడా పగటి లెక్కే. జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా పగలు తగ్గి చలి మొదలయ్యాకే పూస్తుంది. తీగ ఏపుగా ఉండి పూత రాలేదని ఎరువు మీద ఎరువు వేయకండి. వేస్తే ఆకే వస్తుంది. అన్ని కాలాల్లోనూ కాయ కావాలంటే అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద చిక్కుడు రకాలు వేసుకోండి. పేరులో 'అర్క' అని ఉంటే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రకమనీ, 'పూసా' అని ఉంటే ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ రకమనీ గుర్తు.

ముసురు పట్టినప్పుడు

ఆగస్టు, సెప్టెంబరు వానల్లో పెరడు పాడయ్యేది నీరు నిలవడం వల్లే. వానకాలంలో మడి ఎత్తుగా, వేసవిలో మడి పల్లంగా ఉండాలన్నది గుర్తుంచుకోండి. నారుమడిని జానెడు ఎత్తున చేసి, నారు పలుచగా పోయండి. ఒత్తుగా పోస్తే నారుకుళ్లు వచ్చి మొదళ్లు మెత్తబడి పడిపోతాయి. అలాంటప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి నారుమడి తడపాలి.

బెండలో ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు. దానికి మందు లేదు. ఆ మొక్కను వెంటనే పీకి తగలబెడితే మిగతావి బతుకుతాయి. జాలి పడి ఉంచితే మడి మొత్తం పోతుంది. అర్క అనామిక, పర్భని క్రాంతి రకాలు ఈ తెగులును కొంతవరకు తట్టుకుంటాయి.

చలి పంట

హస్త, చిత్త కార్తెలు దాటి వానలు తగ్గాక మడులు మళ్లీ తవ్వి ఎరువు వేయండి. వంగ ఉన్న మడిలో టమాట వేయకూడదు. వంగ, టమాట, మిరప ఒకే కుటుంబం. ఒకే చోట మళ్లీ మళ్లీ వేస్తే వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు, తెగుళ్లు పెరుగుతాయి. బెండకు కూడా నులిపురుగు బెడద ఉంది. గోరుచిక్కుడు తీసిన మడిలో టమాట, బెండ తీసిన మడిలో ఆకుకూర అని మార్చుకుంటూ పోండి.

టమాటలో పూసా రూబీ, అర్క వికాస్ ఇంటికి సరిపోతాయి. వీటికి కర్ర ఊతమిస్తే కాయ నేలకు తగిలి కుళ్లదు. క్యాబేజి, కాలీఫ్లవర్, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌లకు ఇదే కాలం. ముల్లంగి, క్యారెట్ నాటి పీకి మళ్లీ నాటే పంటలు కావు, బోదెల మీద నేరుగా విత్తాలి. ముల్లంగి 45 రోజులకు పీకాలి, ఆలస్యం చేస్తే బెండుబారుతుంది. కాలీఫ్లవర్ పువ్వు పిడికిలంత అయ్యాక దాని ఆకులనే పైకి మడిచి కట్టండి. ఎండ తగలకపోతే పువ్వు తెల్లగా ఉంటుంది.

కొత్తిమీర మొలవలేదనే వాళ్లు ధనియాలను అలాగే చల్లి ఉంటారు. చెప్పు కాలితో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి విత్తాలి. పాలకూర, మెంతికూర కూడా ఈ నాలుగు నెలలు పుష్కలంగా వస్తాయి.

పండక్కి పువ్వు అందాలంటే

పూల మొక్కలకు వేరే మడి అక్కరలేదు. గట్లు, దారి అంచులు, పందిరి గుంజల మొదళ్లు చాలు. లెక్క మాత్రం పండుగ నుంచి వెనక్కి వేసుకోవాలి. బంతి నారు నెల రోజులకు నాటుకొస్తుంది. నాటాక మరో రెండు నెలల్లోపు పూస్తుంది. దసరాకు పూలు కావాలంటే జూన్ చివర, జూలై మొదట్లో నారు పోయాలి. సంక్రాంతికైతే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పోయాలి. మొక్క జానెడు దాటాక తల తుంచితే కొమ్మలు పెరిగి పూలు ఎక్కువ వస్తాయి, కాకపోతే పూత కొద్దిగా ఆలస్యమవుతుంది. బంతికి మరో గుణం ఉంది. టమాట చుట్టూ నాటితే కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు టమాటను వదిలి బంతి మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. ఆ మొగ్గలు ఏరేస్తే చాలు. బంతి వేళ్లు నేలలోని నులిపురుగులను కూడా తగ్గిస్తాయి.

చామంతి పిలకలు జూన్, జూలైలో నాటితే పగలు తగ్గాక నవంబరు, డిసెంబరులో పూస్తుంది. కనకాంబరం గింజ కట్టిన వెన్ను ఎండాక తడి తగిలితే చిటపట పేలి గింజలు చిమ్ముతుంది. అందుకే పొద్దున్నే మంచు ఆరాక వెన్నులు కోసి గుడ్డసంచిలో వేయండి.

మల్లె వేసవి పువ్వు, దాని పని మాత్రం చలికాలంలోనే. నవంబరు నుంచి నీరు తగ్గించి, డిసెంబరులో అడుగున్నర ఎత్తున కత్తిరించి, మొదట్లో తవ్వి పొదకు పది కిలోల చివికిన ఎరువు వేసి నీరు పెట్టండి. కత్తిరించని మల్లె ఆకు పెంచుతుందే తప్ప మొగ్గ వేయదు. మల్లె తగ్గాక వానకాలంలో జాజి, చలిలో కాగడా మల్లె ఉంటే ఏ నెలా జడకు పువ్వు కొనక్కర్లేదు. గులాబీలను అక్టోబరులో కత్తిరించుకోవాలి.

అక్టోబరులో రెండు గుమ్మడి గింజలు పెడితే సంక్రాంతి నాటికి గొబ్బెమ్మలకు పూలు దొరుకుతాయి. ఆడపిల్లలకు ఒక మాట చెప్పండి. కింద పిందె లేని మగపూలనే కోయాలి. అవి కోసినా కాయకు నష్టం లేదు, పాదు మీద నాలుగైదు వదిలితే పుప్పొడికి సరిపోతాయి. దేవుడి పూజకని గన్నేరు వేసుకునేవారు దాన్ని పశువులకు, పిల్లలకు అందని చోట వేయాలి. ఆ మొక్కలో ఆకు, బెరడు, పువ్వు అన్నీ విషమే.

వేసవిలో తోటను కుదించండి

పెరటి తోటలు ఎక్కువగా ఏప్రిల్‌లోనే వదిలేస్తారు. కారణం నీరు. ఎండాకాలం చదరపు మీటరు మడికి రోజుకు అయిదారు లీటర్లు కావాలి. సెంటు మొత్తానికి 200 లీటర్ల పైమాటే. తాగే నీటికే కటకటగా ఉన్నప్పుడు ఇంట్లో ఆడవాళ్లు అన్ని బిందెలు మోయడం జరిగే పని కాదు, మోయమనడం న్యాయమూ కాదు. కాబట్టి తోటను పది చదరపు మీటర్లకు తగ్గించండి. నాలుగు బిందెలతో సరిపోతుంది. బచ్చలి, తోటకూర, గంగవాయిలి కూర, రెండు పాదులు ఉంచుకోండి. మిగతా మడులను ఎండకు వదిలేయండి.

జనవరి, ఫిబ్రవరిలోనే దోస, ఆనప, బెండ విత్తుకుంటే ఎండలు ముదిరే నాటికి కాపులో ఉంటాయి. మొక్కల మొదళ్లలో రెండంగుళాల మందాన వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ పరిస్తే తడి ఆరదు. నీళ్లు సాయంత్రం పోయండి. ఆకుకూర మడిపై తాటాకుల నీడ వేయండి.

పురుగు వస్తే...

రోజూ పొద్దున పది నిమిషాలు మొక్కల మధ్య తిరగడమే మొదటి మందు. వంగ కొమ్మ చివర వాలిపోతే లోపల పురుగు ఉన్నట్టే. అంగుళం కిందికి తుంచి కాల్చేయండి. పుచ్చు కాయలను పెంటలో వేయకండి, లోతుగా పూడ్చండి. కాకర, బీర కాయలపై పండు ఈగ గుడ్లు పెడుతుంటే పిందెలకు కాగితం సంచి తొడగండి.

అన్ని పురుగులూ శత్రువులు కావు. ఎర్రగా నిగనిగలాడే అక్షింతల పురుగులు చిక్కుడు మీది పేనుబంకను తినేస్తాయి. వాటిని చంపకండి. వంగ ఆకుపై మెరుపు లేకుండా గోధుమ రంగులో, ఎక్కువ చుక్కలతో ఉండేవి మాత్రం ఆకులోని పచ్చదనాన్ని గీకి తింటాయి. వాటిని ఏరి సబ్బు నీళ్లలో వేయండి.

అప్పటికీ తగ్గకపోతే వేప కషాయం కొట్టండి. 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట పిచికారి చేయాలి. వారానికోసారి కొట్టుకోవచ్చు. బీర, దోస, కాకర వంటి పాదుల మీద గంధకం మందులు వాడితే ఆకులు మాడిపోతాయి.

పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాను పెరట్లో, వంటింటి దగ్గర పెట్టకండి. ఖాళీ డబ్బాలో విత్తనం దాచడం, దాంతో మొక్కలకు నీళ్లు పోయడం ప్రమాదం. పొలానికి వాడిన స్ప్రేయరును పెరటికి తేవద్దు. ఇంటికని చిన్న చేతి స్ప్రేయరు ఒకటి వేరుగా ఉంచుకోండి.

విత్తనం దాచుకోండి

మంచి కాయ మొదట కాసిందాన్ని తినాలనిపిస్తుంది. ప్రతి పాదుకు ఒక్క కాయ, ప్రతి మడికి రెండు మొక్కలు విత్తనానికి వదలండి. బీర, ఆనప కాయలు తీగ మీదే ఎండాలి. టమాట గింజల జిగురు పోవాలంటే రసంతో సహా ఒక రోజు పులియబెట్టి కడిగి నీడలో ఆరబెట్టాలి. చిక్కుడు గింజలను బాగా ఎండబెట్టి బూడిద కలిపి సీసాలో పెడితే పుచ్చవు. హైబ్రిడ్ కాయ గింజ మాత్రం మళ్లీ అదే కాయ ఇవ్వదు, దాన్ని దాచి ప్రయోజనం లేదు. మీ నాయనమ్మల నాటి పొట్టి బీర, తెల్ల వంగ, ఎర్ర గోంగూర ఊళ్లో ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే నాలుగు గింజలు అడిగి తెచ్చుకోండి. ఆ ఇంట్లో ఆ పాదు ఎండిపోతే ఆ రకం ఇక ఏ దుకాణంలోనూ దొరకదు.

ఏ నెలలో ఏ పని

మే: తవ్వకం, ఎరువు సిద్ధం.
జూన్ - జూలై: బెండ, గోరుచిక్కుడు, పాదులు, వంగ, మిరప నారు, చామంతి పిలకలు, దసరా బంతి నారు.
ఆగస్టు - సెప్టెంబరు: మురుగు కాలువలు, కలుపు తీత, నెలాఖరుకు సంక్రాంతి బంతి నారు.
అక్టోబరు - నవంబరు: టమాట, క్యాబేజి, దుంపలు, ఆకుకూరలు, గులాబీ కత్తిరింపు, గుమ్మడి గింజలు.
డిసెంబరు: మల్లె కత్తిరింపు.
జనవరి - ఫిబ్రవరి: దోస, ఆనప, వేసవి బెండ.
మార్చి - ఏప్రిల్: తోట కుదింపు, గడ్డి పరచడం, విత్తనం సేకరణ.

సెంటు ఒకేసారి బాగుచేయలేకపోతే ఈ ఏడు రెండు మడులు, ఒక పాదుతో మొదలుపెట్టండి. అనుమానం వస్తే దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. పత్తి మందు డబ్బా మాత్రం ఈ రోజే పెరట్లోంచి తీసేయండి. దానికి కార్తె చూసుకోనక్కర్లేదు.